సగం పాత, సగం కొత్త!

ఫోన్‌లో ఫొటో కాపీ చేస్తే ఒరిజినల్ ఒకచోట, కాపీ ఇంకోచోట ఉంటాయి. మన ఒంట్లో ఒక కణం రెండయ్యే ముందు డీఎన్ఏ కూడా కాపీ అవుతుంది. మరి ఒరిజినల్ ఏ కణానికి వెళ్తుంది? బయాలజీ అంటే బట్టీ సబ్జెక్ట్ అనేవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

జవాబు: రెండింటికీ. చెరి సగం.

డీఎన్ఏ రెండు పేటలు మెలేసిన తాడులాంటిది. ఒక పేటలో ‘ఎ’ ఉంటే ఎదురుగా ‘టి’, ‘జి’ ఉంటే ఎదురుగా ‘సి’ ఉండాలి. అంటే ఒక పేట తెలిస్తే రెండోది చెప్పేయొచ్చు. 1953లో ఈ నిర్మాణాన్ని ప్రకటించిన వాట్సన్, క్రిక్... పేటలు విడిపోయి, ఒక్కోదానికి కొత్త జత తయారవుతుందని ఊహించారు. బాగుంది, రుజువేదీ? పాత తాడు అలాగే ఉండి, పూర్తిగా కొత్తది పుట్టొచ్చు కదా! లేదా పాత, కొత్త ముక్కలు కలగాపులగం కావచ్చు.

ఈ తగవు తీర్చింది అమెరికాలోని కాల్‌టెక్‌లో పనిచేసిన మాథ్యూ మెసెల్సన్, ఫ్రాంక్లిన్ స్టాల్. వాళ్లు ఇ.కోలి బ్యాక్టీరియాకి మామూలు నైట్రోజన్-14 బదులు బరువైన నైట్రోజన్-15 అందించి పెంచారు. డీఎన్ఏ అంతా బరువెక్కాక మామూలు నైట్రోజన్‌కి మార్చారు. తరం తరం డీఎన్ఏని సీజియం క్లోరైడ్ ద్రావణంలో కలిపి, మెషీన్‌లో అతివేగంగా తిప్పారు. అప్పుడు బరువైనది కింద, తేలికైనది పైన చారలుగా నిలుస్తాయి.

ఒక తరం గడిచాక కనిపించింది ఒకటే చార, సరిగ్గా మధ్యలో! పూర్తి పాతదీ లేదు, పూర్తి కొత్తదీ లేదు. మొదటి అనుమానం అక్కడే పోయింది. రెండో తరంలో రెండు చారలు: సగం మధ్యలో, సగం తేలికది. కలగాపులగమే అయితే ఒకటే చార రావాలి. అదీ పోయింది. 1958లో ఈ ఫలితం అచ్చయింది. పుస్తకాల్లో సెమీ కన్జర్వేటివ్ రెప్లికేషన్ అనేది దీన్నే.

సరే, ఇందులో మనకేంటి అంటారా? కొత్త పేట అల్లేటప్పుడు తప్పు అక్షరం పడుతుంటుంది. పక్కనే పాత పేట ఉంది కాబట్టి, దాంతో పోల్చి తప్పుని దిద్దే ప్రొటీన్లు మన కణాల్లో ఉన్నాయి. ఈ దిద్దుబాటు జన్యువుల్లో పుట్టుకతోనే లోపం ఉంటే దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. అలాంటివాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. ఎందుకంటే దిద్దని తప్పులు పోగుపడిపోతాయి.

ఈసారి ఎవరైనా ‘పాతదాన్ని పట్టుకుని వేలాడకు’ అంటే, మన కణాలు ఆ మాట వినవని చెప్పండి. విననందుకే మనం బాగున్నాం.