చేతులు కట్టుకుని చూసే ప్రయోగం

సైన్సు పాఠం గురించి బి.ఏ. అమ్మాయికి ఎందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. ఎందుకంటే, మనలో చాలామందిమి డిగ్రీ అయ్యాక బి.ఎడ్. అనే అంటున్నాం. ఇంట్లోవాళ్ళూ అదే అంటున్నారు, ఆడపిల్లకి టీచర్ ఉద్యోగం మేలని. (ఆ మాట మీద నాకున్న కోపం ఇంకో సంచికకి దాచుకుంటాను.)

మా పెద్దమ్మ కూతురు ఇక్కడే బళ్ళారిలో బి.ఎడ్. రెండో సంవత్సరం చదువుతోంది. తనది జీవశాస్త్రం. బోధనా ప్రాక్టీసుకి ఒక కన్నడ మీడియం బడికి పంపారు. తన చార్టులకు రంగులేసే కూలీని నేనే కాబట్టి ఆ పాఠాలన్నీ నాకు వివరంగా తెలుసు. నా అభిప్రాయం ఒక్కటే. చేతులతో చేసి నేర్చుకునే పాఠం అని పేరు పెట్టి, పిల్లలు చేతులు కట్టుకుని చూసే పాఠాన్ని మన టీచర్లకు నేర్పిస్తున్నారు.

అక్క చెప్పిన మొలకల పాఠమే చూడండి. ఆ రోజు పరిశీలకులు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. పీరియడ్ నలభై నిమిషాలు. ఉలవలు రాత్రంతా నానాలి, మొలకెత్తడానికి ఇంకో రోజో రెండు రోజులో కావాలి. మరేం చేస్తారు? ట్రైనీలందరూ చేసేదే అక్కా చేసింది. ఇంట్లోనే నానబెట్టి, గుడ్డలో కట్టి, మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు అని మూడు గ్లాసుల్లో వరసగా పెట్టుకుని వెళ్ళింది. పిల్లలు చూశారు. "అర్థమైందా?" అంటే "హౌదు మిస్" అన్నారు. బోధనోపకరణాలు బాగున్నాయి, తరగతి నిశ్శబ్దంగా ఉంది అని రాసి మంచి మార్కులు వేశారు. ఆ నలభై నిమిషాల్లో మొలకని ముట్టుకున్నది అక్క ఒక్కతే. పరిశీలకుల తప్పు అనను. ఒకే రోజు అంతమంది ట్రైనీలను చూడాలి, చేతిలో ఉన్న ఫారంలో గడులు నింపాలి. పిల్లల చేతులు ఏం చేశాయో రాసే గడి అందులో లేదు, అంతే.

ఆ తర్వాతి వారం ఏడో తరగతిలో పువ్వు భాగాల పాఠం. ఆ రోజు పరిశీలకులు లేరు. తలా ఒక దాసవాళ పువ్వు తెమ్మని అక్క ముందురోజే కన్నడలో చెప్పింది. తెలుగిళ్ళ పిల్లలు "దాసాని పువ్వంట" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారట. నాకు నవ్వొచ్చింది, మా ఇంట్లో అమ్మా నాన్నా చేసే పని ఇదే. మర్నాడు కొందరు రెక్క దాసాని తెచ్చారు, కొందరు ముద్ద దాసాని తెచ్చారు.

రెక్క దాసానిలో అన్నీ పుస్తకంలో ఉన్నట్టే దొరికాయి. ఐదు రెక్కలు, మధ్యలో పొడుగాటి గొట్టం, దాని చుట్టూ పసుపుపచ్చ కేసరాలు, చివర ఐదు ఎర్ర చుక్కల్లాంటి కీలాగ్రాలు. బ్లేడు పిల్లల చేతికి ఇవ్వకుండా అండాశయాన్ని అక్కే అడ్డంగా కోసింది. లోపల ఐదు గదులు. చీపురు పుల్లతో వాటిని కదిపి లెక్కపెట్టింది మాత్రం పిల్లలే. అప్పుడు ముద్ద దాసాని తెచ్చిన ఒక అమ్మాయి లేచి, కన్నడ వదిలేసి తెలుగులో అడిగింది: "మిస్, నా పువ్వులో పుప్పొడి రెక్క అంచున ఉంది. ఎందుకు?"

అక్కకి జవాబు తెలీదు. రేపు చెప్తానంది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని వెతికాం. ముద్ద పువ్వులో కేసరాలే రెక్కలుగా మారతాయి. కొన్ని సగం మారి ఆగిపోతాయి, అందుకే రెక్క అంచున పుప్పొడి తిత్తి కనిపిస్తుంది. మర్నాడు అది చెప్పగానే పిల్లలు ముద్ద పువ్వులన్నీ ఊడదీసి, సగం మారిన రెక్కల కోసం పోటీపడి వెతికారట. గోల విని పక్క గది టీచరు వచ్చి కోప్పడ్డారు. రికార్డులో ఆ రెండు రోజుల గురించి ఉన్నది ఒక్క వాక్యం. దానికి మార్కులు లేవు.

సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు అంటారు. న్యాయమైన ప్రశ్నే, ఒక పీరియడ్ పాఠానికి రెండు పట్టాయి. కానీ ఇది జరగని పనేం కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో ప్రయోగాలతో సైన్సు నేర్పడం మొదలుపెట్టారు. పిల్లలు నలుగురేసి జట్లుగా చేసేవాళ్ళు, పరీక్ష పుస్తకం తెరుచుకుని రాసేవాళ్ళు. కార్యక్రమం వందల బడులకు పాకింది. 2002లో ప్రభుత్వం ఆపేసింది గానీ, ముప్పై ఏళ్ళు నడిచింది. అక్కడ టీచర్లకి శిక్షణ అంటే ముందు ఆ ప్రయోగాలు వాళ్ళే చేయడం. ఇక్కడ అక్క వాళ్ళకి ప్రయోగ పద్ధతి లాభాలు పది పాయింట్లుగా డిక్టేట్ చేశారు. ఆ నోట్సు నేను చూశాను, దస్తూరి చాలా బాగుంది.

2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ళయింది. అందులో 20 వారాలు బడిలోనే గడపాలి. అంత సమయం ఉన్నప్పుడు మొలకలకు మూడు రోజులు దొరకవా? పరిశీలకులు ఒకే పాఠానికి రెండుసార్లు రావచ్చు, నానబెట్టిన రోజు ఒకసారి, మొలకెత్తిన రోజు ఒకసారి. ట్రైనీ చార్టు బదులు నలుగురు పిల్లల నోటుపుస్తకాలు తెరిచి చూడొచ్చు. "తెలీదు, రేపు చెప్తాను" అన్న ట్రైనీ మర్నాడు నిజంగా చెప్పిందా అని పిల్లల్నే అడగొచ్చు. పిల్ల తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పి, ఆ తర్వాత కన్నడ మాట నేర్పినందుకు మార్కు తగ్గించకుండా ఉండొచ్చు. వీటికి పైసా ఖర్చు లేదు.

వచ్చే నెల అక్కకి చివరి పరీక్ష పాఠం. బయటి పరీక్షకులు వస్తారు, ఆ మార్కులు ఉద్యోగం దాకా వెంట వస్తాయి. పెద్దమ్మ చార్టే నయం అంటోంది. నేను రెండు రకాల దాసానీ పట్టుకెళ్ళమంటున్నాను. అక్క ఇంకా తేల్చుకోలేదు. మీరైతే ఏం చేస్తారో ఈ కాగితం కిందే రాయండి, జాగా వదిలాను.