‘శేషము’ ఓదార్పు మాత్రమేనా?

హెబ్రీ ప్రవచనాల్లోని ‘శేషము’ను కేవలం ఆశాసూచకంగా వ్యాఖ్యానించే ధోరణి ఒకటుంది. అది అంగీకారయోగ్యం కాదు. ఆమోసు 3:12లో సింహం నోటినుండి కాపరి విడిపించేది రెండు కాళ్లు, లేదా చెవి ముక్క. నిర్గమకాండ నియమాన్ని బట్టి చూస్తే అవి గొర్రె చచ్చిందనడానికి యజమానికి చూపే రుజువు, రక్షణ ఎక్కడిది? యెషయా కుమారుడు షెయార్యాషూబు పేరుకు ‘శేషం తిరిగివస్తుంది’ అని అర్థం. అదే మాట 10:22లో, ఇసుకవలె విస్తరించిన జనంలో కొద్దిమందికే తిరిగిరాక అన్న హెచ్చరిక అయింది. ఆశ లేదనను, జెఫన్యా 3:12లో ఉంది. అయితే అక్కడ మిగిలేది దీనులు, గర్విష్ఠులు కారు. తెలుగు ‘శేషము’ ఈ రెండంచులనూ మోయగలదు. ఋణశేషం, శత్రుశేషం అన్నప్పుడు మనకు కలిగేది ఊరట కాదు గదా! అనువాదం నిలిపిన భయాన్ని వ్యాఖ్యాత చెరపడమెందుకు?