విగ్రహ మెవరికొఱకు?

2021 జూన్ 15వ తేదీన సూర్యాపేటలో కర్నలు బిక్కుమళ్ళ సంతోష్‌బాబు విగ్రహము ఆవిష్కృతమయ్యెను. సరిగా ఏడాదికి ముందు, 2020లో అదే దినమున, గల్వాను లోయలో చీనా సైనికులతో జరిగిన పెనుగులాటయందు ఆ తెలుగువీరుడును, మఱి పందొమ్మిదిమంది భారతసైనికులును ప్రాణములర్పించిరి. మరణానంతరము లభించిన మహావీరచక్రమును ఆయన తల్లియు భార్యయు అందుకొనిరి.

పుట్టినయూరు విగ్రహము నిలుపుట సముచితమే. కాని ఆయన విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనికపాఠశాలలో చదివినవాడు. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ భవనమునే యొసంగగా 1962లో వెలసిన పాఠశాల యది. ఇట్టివారి రూపములకు బజారుకంటె పిల్లలు కవాతుచేయు మైదానమే తగినచోటని మా యభిప్రాయము. బజారులో మనుష్యుడు విగ్రహమును చూడడు. బండి తప్పించుకొనుటకే వానికి తీరిక చాలదు.

అయితే సైనికవిద్యాలయమున నిలువదగిన దేది? చెన్నపట్టణము మౌంటురోడ్డున నీలు దొరవిగ్రహ ముండెడిది. 1857లో మన ప్రజలను నిర్దయగా ఉరితీయించినవా డతడు. 1927లో దానిపై సత్యాగ్రహము జరిగెను. 1937లో రాజాజీ మంత్రివర్గము దానిని మ్యూజియమునకు సాగనంపెను. చెట్వుడు దొరయు ఆంగ్లసేనానియే. కాని 1932లో డెహ్రాడూను సైనిక అకాడమీని ప్రారంభించుచు ఆయన చెప్పిన క్రమమును, అనగా మొదట దేశము, పిమ్మట తన సిపాయిలు, కట్టకడపట తన సుఖము అనుదానిని, స్వతంత్రభారతము నేటికిని చెరిపివేయలేదు. సంతోష్‌బాబు శిక్షణపొందిన దక్కడనే. అధికారమునకు ప్రతిమయైనది తొలగెను, నడవడికి గురుతైనది నిలిచెను.

కావున పీఠముపై బిరుదులకంటె ముఖ్యముగా ఆ పందొమ్మిదిమంది పేర్లును చెక్కింపవలెను. న్యాయస్థానమున పేరు చెప్పని సాక్షిని మేము నమ్మము; రాతికిని అదే న్యాయము.

మన కోనసీమలో విగ్రహములకు కొదువ లేదు. ఏడాదికొకనాడు దండలు, తక్కిన దినములు కాకులు! మన గ్రామములనుండి సిపాయిలుగా పోయి తిరిగిరానివారి పేర్లు ఈ పఠనమందిరమున కూర్చున్నవారిలో నెందఱు చెప్పగలరు? అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని ఇకముందు విగ్రహమునకు చందా లెత్తువారు అందు సగము ప్రత్యేకించి, సైనికపాఠశాలల ప్రవేశపరీక్షకు బీదపిల్లలను సిద్ధపఱచుటకు వినియోగింతురుగాక. 2021నుండి ఆ పాఠశాలలు బాలికలకును తలుపులు తెఱచినవని వారు మఱవరాదు.