పడవను లాగే బండికి మొదటి పరీక్ష బ్రేకు

రాయ్‌పూర్ నుంచి భిలాయ్ వైపు 53వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే ఖారూన్ నది దాటాక వచ్చే ఊరు కుమ్హారి. అక్కడి నుంచి ఇంకా పడమరకు పోతే భిలాయ్ ఉక్కు నగరం, ఆ తర్వాత దుర్గ్, దాన్ని ఆనుకుని శివ్‌నాథ్ నది. ఖారూన్ శివ్‌నాథ్‌లో కలుస్తుంది, శివ్‌నాథ్ మహానదిలో కలుస్తుంది. ఉక్కు కర్మాగారంలో పని కోసం వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ నదులు గోదావరి, కృష్ణలంత పరిచయం. వానాకాలంలో ఇవి పొంగితే లోతట్టు ఊళ్లకు పడవలు కావాలి. చిక్కేమిటంటే, వరద వచ్చే చోట పడవ ముందే సిద్ధంగా ఉండదు. దాన్ని రోడ్డు మీద తీసుకెళ్లాలి.

తీసుకెళ్లడానికి ఏ బండి కావాలి అని అడిగితే చాలామంది నోట మొదట వచ్చే మాట హార్స్‌పవర్. ఎక్కువ సీసీ ఉన్న ఇంజను, ఎక్కువ పికప్, వెనక ఒక కొక్కెం వెల్డింగ్ చేయిస్తే పని అయిపోతుందని నమ్మకం. భౌతికశాస్త్రం లెక్క వేరుగా చెబుతుంది. చిన్న పడవను లాగడం దాదాపు ఏ కారుకైనా తేలికే. ఆపడం, వంకర పోకుండా నిలపడం, రేవు నుంచి తిరిగి పైకి తేవడం కష్టం. బండి ఎంపిక ఈ మూడింటి మీద ఆధారపడాలి.

లాగడానికి ఎంత బలం కావాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 14 అడుగుల అల్యూమినియం పడవ ఖాళీగా 150 కిలోలు. వెనక బిగించే ఇంజను 55 కిలోలు. 25 లీటర్ల పెట్రోలు, ట్యాంకు కలిపి 20 కిలోలు. బ్యాటరీ, లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు 75 కిలోలు. ఇనుప ట్రైలర్ 200 కిలోలు. మొత్తం 500 కిలోలు. లాగే కారు బరువు 1,200 కిలోలు అనుకుందాం.

చదునైన తారు రోడ్డు మీద ఈ ట్రైలర్ చక్రాలు దొర్లడానికి కావలసిన బలం సుమారు 75 న్యూటన్లు. ఏడెనిమిది కిలోల బియ్యం సంచిని ఎత్తడానికి పట్టేంత. గాలి నిరోధం కలిపినా ఇంజనుకు ఇది పెద్ద బరువు కాదు. రేవు వాలు మీదకు వస్తే లెక్క మారుతుంది. ప్రతి ఏడు మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగే ర్యాంపు మీద కారును, ట్రైలర్‌ను కలిపి పైకి తేవడానికి దాదాపు 2,600 న్యూటన్లు కావాలి. అయినా ఒక మామూలు పెట్రోలు కారు మొదటి గేరులో చక్రాల దగ్గర 4,500 న్యూటన్ల దాకా ఇవ్వగలదు. అంటే ఇంజను ఇక్కడ కూడా చాలుతుంది.

అయినా రేవుల్లో కార్లు ఇరుక్కుంటాయి. కారణం టైరుకూ నేలకూ మధ్య పట్టు.

పాకురు పట్టిన రేవు

నీరు తగిలే చోట కాంక్రీటు మీద నాచు పేరుకుంటుంది. పొడి కాంక్రీటు మీద ఘర్షణ గుణకం 0.7 ఉంటే, పాకురు మీద దాన్ని 0.3గా తీసుకోవచ్చు. ఇప్పుడు బరువు ఏ చక్రాల మీద పడుతోందో చూడాలి. మన దేశంలో చిన్న కార్లు ఎక్కువగా ముందు చక్రాలతో నడుస్తాయి. కారు మూతి పైకి, ట్రైలర్ నీటి వైపు ఉన్నప్పుడు వాలు వల్ల కొంత బరువు వెనక చక్రాల మీదికి జారుతుంది. వెనక కొక్కెం మీద కూర్చున్న బరువు ముందు చక్రాలను ఇంకాస్త తేలిక చేస్తుంది. 1,200 కిలోల కారులో ముందు చక్రాల మీద చివరికి మిగిలేది సుమారు 650 కిలోలు. 0.3 పట్టుతో అవి ఇవ్వగలిగేది 1,900 న్యూటన్లు. కావలసింది 2,600. చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి కదలదు.

అంతే బరువున్న, వెనక చక్రాలతో నడిచే బండికి కొంచెం మెరుగు, దాదాపు 2,100 న్యూటన్లు. అదీ చాలదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండికి 3,600 దాకా వస్తుంది, అది బయటపడుతుంది. హార్స్‌పవర్ రెట్టింపు చేసినా మొదటి రెండు బండ్ల గతి మారదు. చక్రాలు ఇంకా వేగంగా జారతాయి, అంతే.

దీనికి చవకైన మందు ఒకటి ఉంది: పొడవైన గట్టి తాడు. కారును పైన పొడినేల మీద నిలిపి, ట్రైలర్‌ను మాత్రమే తాడుతో పైకి లాగితే కావలసిన బలం సుమారు 775 న్యూటన్లకు పడిపోతుంది. పొడి, చదును నేల మీద ముందు చక్రాల కారుకు ఇది లెక్కలోది కాదు. నలుగురు మనుషులు చేతులతో లాగినా తలా 20 కిలోల బలం సరిపోతుంది. తాడు తెగితే కొరడాలా కొడుతుంది కాబట్టి లాగేటప్పుడు దాని దారిలో ఎవరూ నిలబడకూడదు. కేవలం రేవు కోసమే ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్ కొనాలనుకునేవారు ముందు ఈ తాడు లెక్క వేసుకోవాలి.

అసలు పరీక్ష రహదారి మీద

కుమ్హారి నుంచి దుర్గ్ దాకా రహదారి నిండా లారీలు. ఇక్కడ 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న 1,200 కిలోల కారును పొడి రోడ్డు మీద ఆపడానికి, బ్రేకు పడ్డాక 20 మీటర్లు పడుతుంది. వెనక బ్రేకులు లేని 500 కిలోల ట్రైలర్ ఉంటే 27 మీటర్లు దాటుతుంది. పడవ కావలసింది వానాకాలంలో కాబట్టి తడి రోడ్డు లెక్క ఇంకా ముఖ్యం. ఘర్షణ 0.4కు పడితే ఒంటి కారుకు 35 మీటర్లు, ట్రైలర్‌తో 48 మీటర్లు. ఈ 13 మీటర్ల తేడా మూడు కార్ల పొడవు. ముందున్న లారీ హఠాత్తుగా ఆగితే ప్రాణం ఉండేదీ పోయేదీ ఆ మూడు కార్ల పొడవులోనే.

పల్లెల్లో ట్రాక్టర్ ట్రాలీలు బ్రేకులు లేకుండానే ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి కదా అనే వాదన ఒకటి వినిపిస్తుంది. ట్రాక్టరు వెళ్లేది గంటకు 25 కిలోమీటర్ల వేగంతో. గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. అదే బరువు 60 కిలోమీటర్ల వేగంతో పోతే దాని శక్తి దాదాపు ఆరు రెట్లు. పొలం గట్టున చెల్లిన అలవాటు జాతీయ రహదారి మీద చెల్లదు.

ఐరోపాలో దీనికి తేలికైన హద్దు ఉంది. అక్కడ 750 కిలోల లోపు ట్రైలర్‌కు సొంత బ్రేకు తప్పనిసరి కాదు. కానీ బ్రిటన్‌లో బ్రేకు లేని ట్రైలర్ బరువు, లాగే కారు బరువులో సగానికి మించకూడదు. ఆ కొలతతో చూస్తే 500 కిలోల పడవ ట్రైలర్‌కు కారు కనీసం 1,000 కిలోలు ఉండాలి. మన రోడ్ల మీద కనిపించే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లు చాలావరకు అంతకంటే తేలిక. అవి పడవను లాగగలవు, కానీ లాగకూడదు.

ఎడ్లబండి తెలిసినవారికి తెలిసిన సంగతి

మూడో పరీక్ష నిలకడ. రెండు చక్రాల ఎడ్లబండికి బస్తాలు ఎత్తేటప్పుడు రైతు ఒక సంగతి చూస్తాడు. బరువు మరీ వెనక పడితే కాడి పైకి లేస్తుంది, మరీ ముందు పడితే ఎడ్ల మెడలు వంగిపోతాయి. కాడి మీద కొంచెం బరువు ఆనేలా సర్దాలి. పడవ ట్రైలర్‌కూ ఇదే సూత్రం. బరువు కేంద్రం ఇరుసుకు వెనక ఉంటే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒక వేగం దాటాక ఆ ఊపు దానంతట అది తగ్గదు, ప్రతి ఊపుకూ పెరుగుతుంది, చివరికి కారునే తిప్పేస్తుంది.

కొక్కెం మీద ఎంత బరువు ఆనాలి? మొత్తం ట్రైలర్ బరువులో 7 శాతం దరిదాపుల్లో ఉండాలని ఐరోపాలో, 10 నుంచి 15 శాతం ఉండాలని అమెరికాలో చెబుతారు. 500 కిలోలకు 35 నుంచి 50 కిలోలు మంచి గురి. పడవకు ఇంజను వెనకే ఉంటుంది కాబట్టి సహజంగా బరువు వెనక్కి పోతుంది. సర్దుబాటు కష్టమేమీ కాదు. ఇరుసు నుంచి కొక్కానికి 3 మీటర్ల దూరం ఉన్న ట్రైలర్‌లో 20 కిలోల పెట్రోలు ట్యాంకును వెనక నుంచి 2.2 మీటర్లు ముందుకు జరిపితే కొక్కెం మీద 15 కిలోలు పెరుగుతాయి. కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే యంత్రం చాలు. చదును నేల మీద ట్రైలర్ మూతిని దాని మీద ఆనిస్తే అంకె కనిపిస్తుంది.

ఆ బరువును మోయాల్సింది కారు వెనక భాగం. కాబట్టి ముందు ఇరుసుకు వెనక ఇరుసుకు మధ్య దూరం ఎక్కువగా, కొక్కెం వెనక ఇరుసుకు దగ్గరగా ఉన్న బండి నిలకడగా ఉంటుంది. బంపరు వెనక పలుచటి రేకుకు వెల్డింగ్ చేసిన కొక్కెం ఎంత అందంగా ఉన్నా, ఈ పనికి పనికిరాదు. ఛాసిస్‌కు బోల్టులతో బిగించినది కావాలి, దానికి తోడు రెండు గొలుసులు ఉండాలి.

అసలు లాగాలా?

2018 ఆగస్టులో కేరళ వరదల్లో మత్స్యకారులు తమ పడవలను సముద్ర తీరం నుంచి లోపలి ఊళ్లకు లారీల మీద తెచ్చారు. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 669 పడవలు, 4,537 మంది మత్స్యకారులు. ఒక్కో పడవకు సగటున ఏడుగురు. ట్రైలర్లు లేని లోటును మనుషుల చేతులు తీర్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడూ వీధుల్లో పడవలు తిరగాల్సి వచ్చింది. నది ఒడ్డున లేని పేటకు కూడా పడవ అవసరం పడుతుందని ఆ వరద చూపింది.

కేరళ అనుభవం నుంచి ఒక ప్రశ్న నేర్చుకోవాలి: పడవను లాగడమే దారా? ఇంజను విప్పితే ఉదాహరణలోని పడవ 150 కిలోలే. నలుగురు ఎత్తి లారీ మీద పెట్టగలరు. పడవ పొడవుకు తగిన తొట్టి ఉన్న మినీ లారీ అయితే తోక ఊపడం లేదు, బ్రేకు చింత లేదు, వెనకడుగు వేసేటప్పుడు ట్రైలర్ మడత పడటం లేదు. టాటా ఏస్ లాంటి చిన్న బండికి 750 కిలోలు మోసే శక్తి ఉంది కానీ తొట్టి పొడవు చాలదు, పడవ సగం బయటికి పొడుచుకొస్తుంది. అలా హద్దు మించి బయటికి వచ్చే సరుకుకు మోటారు వాహనాల చట్టం 2019 సవరణ 20,000 రూపాయల జరిమానా పెట్టింది. గాలి ఊది వాడే రబ్బరు పడవకైతే ఈ సమస్య కూడా లేదు, మడిచి ఏ జీపులోనైనా వేసుకోవచ్చు.

కాబట్టి సమాధానం పడవ బరువును బట్టి, దారిని బట్టి మారుతుంది. ఎత్తగలిగే పడవకు లారీ తొట్టి మేలు. ఊళ్లోనే చెరువు దాకా వెళ్లే పడవకు ట్రాక్టరు మేలు: బరువు, పెద్ద వెనక చక్రాలు, తక్కువ వేగం మూడూ దానికి కలిసొస్తాయి. రహదారి మీద పాతిక కిలోమీటర్లు పోవాల్సిన 500 కిలోల ట్రైలర్‌కు ఛాసిస్ మీద కట్టిన, కనీసం టన్నున్నర బరువున్న పికప్ గానీ ఎస్‌యూవీ గానీ కావాలి. ఆ బరువు చట్టం అడిగే కనీసం కంటే ఎక్కువే. వానలో ఆ ఎక్కువే కాపాడుతుంది.

అంకె అచ్చు వేయాలి

ఇంత లెక్క మామూలు కొనుగోలుదారు వేసుకోవాల్సిన పని లేదు. కంపెనీలు ఒక్క అంకె చెబితే చాలు. ఐరోపాలో అమ్మే కార్ల పత్రాల్లో బ్రేకు ఉన్న ట్రైలర్ ఎంత, లేనిది ఎంత, కొక్కెం మీద ఎంత అని రాసి ఉంటుంది. మన దగ్గర చాలా కార్ల యజమాని పుస్తకాల్లో ఈ అంకెలు కనిపించవు, కొన్నిటిలో ట్రైలర్ లాగవద్దని మాత్రం ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను కూడా వాహనంగానే చూస్తుంది, అందుకే దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. లాగబడేదానికి చట్టంలో చోటిచ్చాక, లాగేదాని హద్దును చెప్పమని తయారీదారులను అడగడం న్యాయమే.

స్థానిక యంత్రాంగాలు చేయాల్సింది అంతకంటే తేలిక. ఏ పడవను ఏ బండి లాగుతుందో, ఏ రేవులో దింపుతారో జూన్ రాకముందే ఖాయం చేయాలి. సామానంతా ఎక్కించి ఒకసారి కాటా మీద తూచాలి. పారిశ్రామిక ప్రాంతం కాబట్టి కుమ్హారి పరిసరాల్లో వేబ్రిడ్జికి కరువు లేదు. తడి రోడ్డు మీద ఒకసారి బ్రేకు వేసి చూడాలి, రేవులో ఒకసారి దింపి పైకి తేవాలి. అర్ధరాత్రి ఫోను మోగాక, పక్క పేటలో జనం మేడల మీద ఎదురుచూస్తుండగా చేయాల్సిన ప్రయోగం కాదిది. ఆ రాత్రి పడవ బయలుదేరితే చాలదు, వరద దాకా చేరాలి.