పాత బండి అమ్మకానికి పన్ను లేదు, పన్ను పేరుతో దోపిడీ వుంది

పాత బండి అమ్ముకున్నా జి.ఎస్.టి. కట్టాలట! 2024 డిసెంబరు ఆఖరులో ఈ మాట పుట్టింది. వారం తిరక్కుండా ఊరూరా పాకింది. టీ హోటళ్లలో, సంతల్లో, నాట్లకు పోయే ఆటోల్లో ఇదే చర్చ. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, సెల్‌ఫోన్లో వచ్చిందంతా నిజమేననుకున్నారు జనం. ఆ పుకారు ఈనాటికీ చావలేదు. చావనివ్వని వాళ్లున్నారు. దాని మీద బతికేవాళ్లున్నారు. కనుక చట్టం ఏం చెబుతోంది, బయట జరుగుతున్నదేమిటి, మన కూలీ జనం ఏం చెయ్యాలి అన్నది వివరంగా చెప్పుకోవలసి వుంది.

పాత బండ్ల గొడవ వ్యవసాయ కార్మికులకెందుకని కొందరు అడగవచ్చు. కూలీల వాడల్లో షోరూముకు పోయి కొత్త బండి కొనేవాళ్లు ఎంతమంది? మోపెడు అయినా, మోటారు సైకిలు అయినా, పదిమందిని మిరపకోతకు తీసుకుపోయే ఆటో అయినా ఒకరు వాడి వదిలిందే మన చేతికొస్తుంది. మన చేతిలోంచి మళ్లీ ఇంకో కూలీ చేతికి పోతుంది. అది మనకు విలాసం కాదు. ఊళ్లో పెద్దరైతు చెప్పిన కూలికి తల వూపకుండా, పక్క మండలంలో నాలుగు డబ్బులెక్కువ ఇచ్చే చోటికి పోయి పనిచేసుకునే వీలు ఆ పాత బండితోనే వచ్చింది. ఆ వీలు మీద ఎవడు చెయ్యి వేసినా మన కూలి మీద చెయ్యి వేసినట్టే.

చట్టంలో వున్నదేమిటి?

2024 డిసెంబరు 21న రాజస్థాన్‌లోని జైసల్మేరులో జి.ఎస్.టి. కౌన్సిలు 55వ సమావేశం జరిగింది. అంతకుముందు వ్యాపారులు అమ్మే పాత వాహనాల్లో పెద్ద కార్లకు 18 శాతం, మిగతావాటికి 12 శాతం పన్ను వుండేది. అన్నిటికీ 18 శాతం చెయ్యాలని ఆ సమావేశం సిఫారసు చేసింది. 2025 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. జరిగింది ఇంతే.

ఈ పన్ను కట్టవలసింది ఎవరు? జి.ఎస్.టి. కింద రిజిస్టరై వ్యాపారం చేసేవాళ్లు. దేని మీద కట్టాలి? బండి మొత్తం ధర మీద కాదు. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద. ఒక వ్యాపారి 30 వేలకు మోటారు సైకిలు కొని 38 వేలకు అమ్మితే, 8 వేల మీద 18 శాతం, అంటే 1,440 రూపాయలు. నష్టానికి అమ్మితే అసలు పన్నే లేదు. కంపెనీలు తమ వ్యాపారానికి వాడుకున్న వాహనాలను అమ్మినప్పుడు లెక్క కొంచెం వేరు. అది వాళ్లూ వాళ్ల ఆడిటర్లూ చూసుకుంటారు.

ఒక కూలీ తన బండిని ఇంకో కూలీకి అమ్మితే? ఒక్క పైసా లేదు. అమ్మినవాడు కట్టక్కర్లేదు, కొన్నవాడూ కట్టక్కర్లేదు. కొన్న ధర కంటే నాలుగు రూపాయలు ఎక్కువకు అమ్మినా లేదు. బండికి బండి మార్చుకుని పైన కొంత సొమ్ము ఇచ్చిపుచ్చుకున్నా లేదు. జి.ఎస్.టి. చట్టం ఏడో సెక్షనులో అమ్మకంతో పాటు మార్పిడి మాట కూడా వుంది. కానీ అది వ్యాపారంలో భాగంగా జరిగితేనే అని అదే సెక్షను అంటోంది. మన ఇంటి అవసరానికి వాడుకున్న బండిని అమ్ముకోవటం వ్యాపారం కాదు.

ఇది కొత్తగా చేసిన మేలేమీ కాదు. ఉమ్మడి మద్రాసులో 1939లో రాజాజీ ప్రభుత్వం అమ్మకపు పన్ను తెచ్చింది. మద్యనిషేధంతో పోయిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవటం దాని వుద్దేశాల్లో ఒకటి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ఏలుబడిలోనివే. తరువాత 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. 2005 ఏప్రిల్లో వ్యాట్ వచ్చింది. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చింది. పేర్లు మారాయి, రేట్లు మారాయి. పన్ను మాత్రం వ్యాపారి చేసే అమ్మకం మీదనే నడుస్తూ వచ్చింది.

మినహాయింపు కాదు, ముందే వసూలు

"చూశారా, పేదవాడి బండిని వదిలేశాం" అని పాలకులు చెప్పుకోవచ్చు. వదిలిందేమీ లేదు. ఆ బండి కొత్తగా షోరూములోంచి దిగిన నాడే పన్నులన్నీ పిండుకున్నారు. 2017 నుంచి 2025 సెప్టెంబరు 21 దాకా మామూలు మోటారు సైకిలు మీద జి.ఎస్.టి. 28 శాతం. ఆ మర్నాటి నుంచి 350 సి.సి. లోపు బండ్లకు 18 శాతానికి దించారు. దాని మీద రాష్ట్రం వేసే లైఫు టాక్సు వేరు. మన చేతికి వచ్చాక వేసుకునే టైరుకు పన్ను, మార్చే చైనుకు పన్ను, పోసే ఆయిలుకు పన్ను. పెట్రోలును జి.ఎస్.టి.లో కలపకుండా కేంద్రం ఎక్సైజూ, రాష్ట్రం వ్యాట్ విడివిడిగా లాగుతున్నాయి. లక్షాధికారి కొన్న లీటరుకూ కూలీ కొన్న లీటరుకూ పన్ను ఒక్కటే. ఇంత కట్టిన బండి మీద మళ్లీ మళ్లీ వెయ్యకపోవటం దయ ఎలా అవుతుంది? అది న్యాయం, మనకు రావలసినది.

పన్ను లేనిచోట పన్ను వసూలు

అసలు దోపిడీ రవాణా ఆఫీసు గేటు ముందు వుంది. మా సంఘం సభ్యుడొకాయన ఆ మధ్య 18 వేలకు పాత మోపెడు కొన్నాడు. పేరు మార్పించుకుందామని పట్నం పోయాడు. గేటు ముందు కుర్చీ వేసుకున్న దళారి కాగితం మీద లెక్క రాసి చూపించాడు. "సేల్సు టాక్సు 18 శాతం, 3,240. ఆఫీసు ఖర్చులు వేరే" అన్నాడు. రశీదు ఇస్తావా అంటే నోరు మెదపలేదు. మేము పదిమందిమి వెళ్లి నిలదీస్తే, "టాక్సు అని ఎవరన్నారు, మామూలు ఖర్చులన్నాను" అని మాట మార్చాడు. వారం రోజుల కూలి కంటే ఎక్కువ సొమ్మది. నిలదీసేవాళ్లు లేనప్పుడు ఎంతమంది ఇలా ఇచ్చుకున్నారో!

పన్ను అంటే ప్రభుత్వ రశీదు వుండాలి. రశీదు లేనిది పన్ను కాదు, లంచం. ఈ ఒక్క ముక్క ప్రతి కూలీకీ కంఠతా రావాలి.

ఇంకా పెద్ద దొంగాట పాత బండ్ల కొట్లలో జరుగుతోంది. కూలీ తన బండిని కొట్టువాడికి అమ్ముతాడు. కొట్టువాడు 29, 30 నంబరు ఫారాలు ఖాళీగా పెట్టి సంతకాలు చేయించుకుంటాడు. తేదీ వుండదు, కొన్నవాడి పేరు వుండదు. నెల తరువాత ఇంకొకడికి లాభానికి అమ్ముతాడు. ఫారాల్లో ఆ రెండోవాడి పేరు రాస్తాడు, ఒక్కోసారి అదీ రాయడు. కాగితం మీద చూస్తే కూలీ నేరుగా ఆ మనిషికే అమ్మినట్టు వుంటుంది. మధ్యలో వ్యాపారి లేనే లేడు. లాభమూ లేదు, దాని మీద పన్నూ లేదు! మనకున్న హక్కు చాటున వ్యాపారి దాక్కుంటున్నాడు. మన సంతకం అతనికి గొడుగు అవుతోంది.

దీన్ని ఆపటానికి కేంద్రం 2022 డిసెంబరులో నియమాలు ప్రకటించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లో వున్నాయి. వాటి ప్రకారం పాత బండ్ల డీలరుకు రవాణా శాఖ అనుమతి పత్రం వుండాలి. బండి తన చేతికి వచ్చిన సంగతి ఆఫీసుకు తెలియజెయ్యాలి. అక్కడి నుంచి ఆ బండి బాధ్యత డీలరుది. నియమం మంచిదే. మన చిన్న పట్నాల కొట్లలో అనుమతి పత్రం గోడకు తగిలించి వున్నవి ఎన్నో ఎవరైనా వెళ్లి చూడవచ్చు.

పేరు మారకపోతే మెడకు వురి

"పన్ను లేదు కదా, ఇక ఆఫీసుకెందుకు?" అనుకోవటం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. తెల్లకాగితం మీద రాసుకుని, ఇద్దరు సాక్షుల వేలిముద్రలు వేయించుకుని, టీ తాగి విడిపోతున్నారు. సంతలో ఎద్దు అమ్మితే పలుపు చేతిలో పెట్టగానే బేరం ముగిసింది. బండి అలా కాదు. సి బుక్కులో పేరు మారేదాకా చట్టం కళ్లకు అమ్మకం ముగియలేదు.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అది 2009లో జరిగిన ప్రమాదం కేసు. కారు రిజిస్టరయి వున్న మనిషి, తాను 2007లోనే అమ్మేశానన్నాడు. తరువాత అది మరికొన్ని చేతులు మారింది. రికార్డులో మాత్రం మొదటి మనిషి పేరే వుంది. రికార్డులో పేరున్నవాడే ఓనరు, నష్టపరిహారం అతనే కట్టాలని కోర్టు తేల్చింది. గాయపడ్డవాళ్లు ఏ ఓనరు ఎక్కడున్నాడో వెతుక్కుంటూ తిరగకూడదన్నది కోర్టు చెప్పిన కారణం. ఆ మాట న్యాయమే. కాని మన కూలీ పది వేలకు మోపెడు అమ్మేసి మరిచిపోయిన అయిదేళ్లకు, ముక్కూ మొహం తెలియనివాడు చేసిన ప్రమాదానికి లక్షల నోటీసు అందుకుంటే ఎక్కడికి పోతాడు?

కొన్నవాడికీ క్షేమం లేదు. ఇన్సూరెన్సు పాత ఓనరు పేర వుంటే, ప్రమాదం జరిగిన నాడు కంపెనీ పేచీ పెడుతుంది. ఆటోలో కూలికి పోయే ఆడవాళ్లకు కాళ్లు విరిగినప్పుడు ఆ పేచీ విలువేమిటో తెలుస్తుంది.

ఇంకొక దెబ్బ వుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సంక్షేమ పథకాలకు పెట్టిన అర్హత నియమాల ప్రకారం ఇంట్లో నాలుగు చక్రాల బండి వుంటే అనర్హులు. టాక్సీలు, ఆటోలు, ట్రాక్టర్లకు మాత్రం మినహాయింపు. ఏనాడో అమ్మేసిన పాత కారు ఇంకా కొడుకు పేర కంప్యూటరులో కనబడితే, తల్లి పింఛను ఎగిరిపోతుంది. పన్ను లేని అమ్మకానికి ఇంతకంటే పెద్ద పన్ను ఏముంటుంది?

చెయ్యవలసిన పని

అమ్మినవాడు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రం వాడికి అమ్మితే 45 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజెయ్యాలి. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పుకు పెట్టుకోవాలి. 29 నంబరు ఫారం అమ్మకం తెలియజెయ్యటానికి, 30 నంబరు ఫారం పేరు మార్చటానికి. బండి మీద ఫైనాన్సు వుంటే 35 నంబరు ఫారం, అంటే అప్పు తీరిందన్న కాగితం, ముందు తెచ్చుకోవాలి. 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు కంపెనీకీ రాసుకోవాలి. ఖాళీ ఫారం మీద సంతకం ఎవరడిగినా చెయ్యకూడదు. కొన్నవాడి పేరు, తేదీ మన ఎదుట రాసిన తరువాతే సంతకం. నింపిన ఫారం నకలు ఇంట్లో దాచాలి.

సరిహద్దు మండలాల వాళ్లు ఒక తేడా గమనించాలి. రాష్ట్రంలోపల చేతులు మారితే లైఫు టాక్సు రెండోసారి లేదు. కాని రాయచూరు నుంచో, బళ్లారి నుంచో, 2014 తరువాత వేరు రాష్ట్రాలైన మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్యనో బండి తెచ్చి ఇక్కడే వుంచుకుంటే, అక్కడి ఆఫీసు ఎన్.ఓ.సి. కావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫు టాక్సు కట్టాలి. ఇది అమ్మకపు పన్ను కాదు, కాని తప్పనిది. "చవగ్గా వస్తుంది" అని తెచ్చుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

వ్యవసాయ కార్మికుల తరఫున మేము రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఈ కింది విధంగా డిమాండు చేస్తున్నాం. వ్యక్తికీ వ్యక్తికీ మధ్య బండి అమ్మకానికి జి.ఎస్.టి. లేదని, పేరు మార్పు ఫీజు ఇంత అని ప్రతి రవాణా ఆఫీసు ముందు పెద్ద అక్షరాల తెలుగు బోర్డు పెట్టాలి. పేరు మార్పు పనిని గ్రామ సచివాలయాల్లో, మీ సేవల్లో నెలకొక రోజు కాంపు పెట్టి మన ఊళ్లోనే పూర్తి చెయ్యాలి. 2023 నుంచి అమల్లో వున్న డీలరు నియమాలను ప్రతి కొట్టు మీదా అమలు జరపాలి. అప్పు తీరిన బండికి ఫైనాన్సు కంపెనీలు తిప్పుకోకుండా కాగితం ఇచ్చేట్టు చూడాలి. బండి అమ్మేశానని రుజువు చూపిన కుటుంబానికి ఆపిన పింఛను వెంటనే తిరిగి ఇవ్వాలి.

సంఘాల కార్యకర్తలు ప్రభుత్వం కదిలేదాకా కూర్చోనక్కర్లేదు. ఈ వేసవి పనులు తగ్గిన రోజుల్లో వాడ వాడకూ పోయి, ఎవరి బండి ఎవరి పేర వుందో లెక్క తియ్యండి. పేరు మారని బండ్లవాళ్లను ఒకే రోజున అందరినీ కలిపి ఆఫీసుకు తీసుకుపోండి. ఒక్కడు పోతే దళారి చేతిలో పడతాడు. యాభైమంది కలిసి, ఫారాలు నింపుకుని, రశీదు ఇవ్వమని వరుసలో నిలబడితే గేటు ముందు కుర్చీ దానంతటదే లేస్తుంది.