బాక్స్ మీద స్టిక్కర్ చూసి బ్రాంచ్ ఎంచుకోకండి

ఎప్పుడూ ఇక్కడ ఫోన్ల గురించే రాస్తుంటా. ఈసారి నాకొచ్చిన ఒక ఫోన్ కాల్ గురించి రాస్తున్నా.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ టైమ్‌లో ఖమ్మం నుంచి మా బాబాయ్ కొడుకు కాల్ చేశాడు. "అన్నా, వెబ్ ఆప్షన్స్ పెట్టేశా. ఫ్రీజ్ చేసే ముందు ఒక్కసారి చూడవా" అని స్క్రీన్‌షాట్లు పంపాడు. నలభైకి పైగా ఆప్షన్లు. పై నుంచి కింది దాకా సీఎస్‌ఈ, సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్, సీఎస్‌ఈ డేటా సైన్స్, సీఎస్‌ఈ సైబర్ సెక్యూరిటీ. ఈసీఈ ఒక్కచోట కూడా లేదు.

వీడు పదో తరగతిలోనే పాత ఫోన్‌కి డిస్‌ప్లే మార్చిన రకం. కొత్త ఫోన్ వస్తే రివ్యూ కన్నా ముందు టియర్‌డౌన్ వీడియో చూస్తాడు. "మరి ఈసీఈ ఎందుకు పెట్టలేదురా?" అని అడిగా. "సీఎస్‌ఈ అయితేనే జాబ్ వస్తుందంట కదన్నా. నాన్న కూడా అదే అన్నాడు."

వాణ్ని తిట్టే హక్కు నాకు లేదు. 2016లో, అప్పుడు ఎంసెట్ అనేవాళ్లం, నేనూ ఇదే చేశా. మంచి కాలేజీలో ఈసీఈ వచ్చే ర్యాంక్ ఉన్నా, అంతకన్నా తక్కువ కాలేజీలో సీఎస్‌ఈ పైన పెట్టా. ఉద్యోగం వచ్చింది, ఈఎంఐలు కట్టుకుంటున్నా. నష్టపోయానని చెప్పను. కానీ ఆ నిర్ణయం ఆలోచించి తీసుకున్నది కాదు. పక్కవాడి లిస్ట్ చూసి నింపేశా, అంతే.

ఫోన్ లోపల ఉన్నది ఎవరి పని?

మనం ఇక్కడ రోజూ దేని గురించి కొట్టుకుంటామో గుర్తు చేసుకోండి. చిప్‌సెట్, 5జీ మోడెమ్ అంటే ఎక్కువగా ఈసీఈ వాళ్ల ప్రపంచం. ఫాస్ట్ చార్జింగ్ వెనక పవర్ ఎలక్ట్రానిక్స్ ఉంది, అది ఈఈఈలో చెప్తారు. ఫోల్డబుల్ హింజ్, వేపర్ చాంబర్ మెకానికల్ పని. లిథియం అయాన్ బ్యాటరీకి 2019లో నోబెల్ వచ్చింది కెమిస్ట్రీలో.

2016లోనే గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు కాలిపోయి, శాంసంగ్ ఆ మోడల్‌నే వెనక్కి తీసుకుంది. మధ్యలో చార్జింగ్ 60 శాతం దగ్గర ఆగేలా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా ఇచ్చారు. అప్‌డేట్ చేయగలిగింది అంతే. తప్పు బ్యాటరీ సెల్‌లో ఉంది, అక్కడ కోడ్ ఏం చేస్తుంది?

నా ఆఫీస్ అనుభవం ఇంకోటి. మా యాప్ బ్యాటరీ తినేస్తోందని కంప్లెయింట్స్ వచ్చాయి. రెండు వారాలు కోడ్ తిరగేశాం, ఏమీ దొరకలేదు. చివరికి ఈసీఈ చదివిన ఒక సీనియర్ మేడమ్ ఫోన్ వాడుకునే కరెంట్ గ్రాఫ్ చూసి పది నిమిషాల్లో తేల్చేశారు. మేం కొన్ని సెకన్లకోసారి చిన్న చిన్న డేటా పంపుతున్నాం. ప్రతిసారీ మోడెమ్ రేడియో నిద్ర లేస్తోంది, పని అయిపోయాక కూడా కాసేపు మెలకువగానే ఉంటోంది. డేటా అంతా పోగుచేసి ఒకేసారి పంపేలా మార్చాం, సమస్య పోయింది. నాకు సంతోషం కన్నా సిగ్గే ఎక్కువేసింది. ఇన్నేళ్లుగా ఫోన్ల గురించి రాస్తున్నా, ఫోన్ ఎలా పనిచేస్తుందో నాకే సరిగా తెలియదు!

అంటే సీఎస్‌ఈ వద్దనా?

కాదు. కోడింగ్ నిజంగా ఇష్టమైతే కళ్లు మూసుకుని సీఎస్‌ఈ తీసుకోండి. రెండో వైపు కూడా నిజాయితీగా చెప్పాలి. చాలా కాలేజీల్లో కోర్ బ్రాంచ్‌లకి క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ తక్కువ. ఈసీఈ చదివి ఐటీలోకి వచ్చినవాళ్లు నా టీమ్‌లోనే ఉన్నారు. చిప్ డిజైన్‌లో మంచి రోల్ కావాలంటే చాలాసార్లు ఎంటెక్ అడుగుతారు. బాబాయ్ భయం ఊరికే పుట్టింది కాదు.

కానీ సీఎస్‌ఈ సీటు కూడా ఒకప్పటిది కాదు. బాగా నడుస్తున్న కాలేజీలకి బ్రాంచ్‌లో సీట్ల గరిష్ఠ పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ తీసేసింది. అందరూ అడిగేది సీఎస్‌ఈయే కాబట్టి కాలేజీలు పెంచాలనుకునేదీ అదే. సెక్షన్లు పెరిగినంత వేగంగా మంచి లెక్చరర్లు దొరుకుతారా?

మరోవైపు 2021లో కేంద్రం సెమీకండక్టర్లకి 76,000 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా ఫ్యాబ్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అంత దూరం ఎందుకు, క్వాల్‌కామ్, ఏఎండీ ఆఫీసులు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఇవన్నీ మీకు ఉద్యోగం గ్యారంటీ అని చెప్పట్లేదు. ఆ దారి మూసుకుపోలేదని మాత్రం చెప్తున్నా.

ఫోన్ కొనేటప్పుడు చూసినంతైనా చూడండి

బాక్స్ మీద 'ఏఐ కెమెరా' అని స్టిక్కర్ ఉంటే మనం నమ్ముతామా? సెన్సర్ ఏంటో చూస్తాం. కోర్సు పేరు పక్కన 'ఏఐ-ఎంఎల్' ఉన్నా అంతే. సిలబస్ పీడీఎఫ్ తెరిచి మామూలు సీఎస్‌ఈతో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రెండేళ్లు చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎక్కువగా తర్వాతి సబ్జెక్టుల్లో ఉంటుంది, వాటిని చెప్పేవాళ్లు ఆ కాలేజీలో ఉన్నారా అని అడగండి. బ్రోచర్ కాదు, అక్కడ థర్డ్ ఇయర్ చదువుతున్నవాళ్లని పట్టుకుని ల్యాబ్‌లు నిజంగా నడుస్తాయా అని అడగండి. ప్లేస్‌మెంట్స్ అంటే హైయెస్ట్ ప్యాకేజీ వదిలేయండి, మధ్యలో ఉన్నవాడికి ఎంత వచ్చిందో కనుక్కోండి.

ఆప్షన్ల ఆర్డర్ గురించి ఒక మాట. మీ ర్యాంక్‌కి అందే వాటిలో లిస్ట్‌లో అన్నిటికన్నా పైన ఉన్న సీటే మీకొస్తుంది. కాబట్టి రాదేమో అని ఇష్టమైనదాన్ని కిందికి తోయొద్దు. చేరడం ఇష్టం లేనిదాన్ని నంబర్ కోసం పెట్టొద్దు.

తమ్ముణ్ని ఒక్కటే అడిగా: "అన్ని బ్రాంచ్‌లకీ ఒకటే జీతం అనుకో. అప్పుడు ఏది పెడతావ్?" కాసేపు ఏం మాట్లాడలేదు. రాత్రికి కొత్త లిస్ట్ పంపాడు. పైన ఒక యూనివర్సిటీ కాలేజీలో ఈసీఈ, దాని కింద నాలుగు మంచి కాలేజీల్లో సీఎస్‌ఈ, తర్వాత మళ్లీ ఈసీఈ. మొత్తం పదకొండు.

మర్నాడు బాబాయ్ కాల్ చేశాడు. "రేపు వాడికి ఉద్యోగం రాకపోతే నువ్విప్పిస్తావా?" అన్నాడు. ఇప్పిస్తానని చెప్పలేకపోయా. సీఎస్‌ఈ తీసుకుంటే కచ్చితంగా వస్తుందని ఆయనా చెప్పలేకపోయాడు.

మీరు కూడా ఈ సీజన్‌లో లిస్ట్ పెడుతుంటే, ఫ్రీజ్ కొట్టే ముందు ఆ జీతం ప్రశ్న ఒక్కసారి వేసుకోండి. నచ్చని ఫోన్‌ని ఏడాదికి మార్చేస్తాం. బ్రాంచ్‌తో మాత్రం నాలుగేళ్లు ఉండాలి.