పశువుల ఆపరేషన్లకు ఊరుమ్మడి నిధి కావాలి

మొన్న వేసవిలో మా వీధిలో ఒక ఆవు చనిపోయింది. గొడ్డు చావడం పత్రికకెక్కేంత విషయం కాదని నాకూ తెలుసు. కానీ ఆ ఆవు జబ్బేమిటో తెలిసింది, దానికి వైద్యం ఉందని తెలిసింది, చేయగలిగిన డాక్టరుగారూ ఉన్నారు. లేనిదల్లా డబ్బు. కూలికిపోయి బతికే ఆ ఇంటి ఇల్లాలు అప్పు కోసం నాలుగు రోజులు ఊళ్ళో తిరిగింది. అయిదో రోజు తెల్లవారేసరికి ఆవు లేదు. పాలు తాగే దూడ మిగిలింది.

ఆమె మా ఇంటికి మొదటి రోజే వచ్చింది. "అన్నా, కడుపు కొయ్యాలంటున్నరు, ఎంతోకొంత సర్దు" అని అడిగింది. నేను చూద్దాంలే అన్నాను. మూడో రోజుకు గాని జేబులో చెయ్యి పెట్టలేదు. కనుక ఈ రాసేది ఇతరులను దెప్పడానికి కాదు.

ఆవు ఎడమ డొక్క ఉబ్బింది, నెమరు ఆగిపోయింది, మేత ముట్టలేదు. కడుపులో ప్లాస్టిక్ ముద్ద కట్టిందని డాక్టరుగారు చెప్పారు. ఆవు మేతను ఏరుకుని తినదు. నాలుకతో చుట్టి మింగేసి, తీరిగ్గా పడుకుని నెమరు వేస్తుంది. అన్నం మెతుకులు అంటుకున్న సంచిని సంచితో సహా మింగుతుంది. అది అరగదు, పేడలో పోదు, మొదటి పొట్టలో పేరుకుపోతుంది. ఎడమ డొక్క కోసి చేత్తో బయటికి తీయడం తప్ప వేరే దారి లేదు. ఆ భాగానికి మాత్రం మత్తు సూది ఇచ్చి, ఆవు నిలబడి ఉండగానే ఈ ఆపరేషన్ చేస్తారు. మేకులు, తీగముక్కలు మింగితే ఇంకా ప్రమాదం. అవి రెండో పొట్టలో చేరి, గోడను పొడుచుకుని గుండె వైపు పోతాయి.

ఖర్చు ఎక్కడ అవుతుందో కూడా చెప్పాలి. డాక్టరుగారి చేతికి కాదు. మత్తు మందు, కుట్టుదారం, సెలైన్లు, ఆ తరువాత రోజుల తరబడి సూదులు, పశువును ఎక్కించుకుపోయే ట్రాలీ ఆటో, పనికిపోని రోజుల కూలి. మేము వెళ్ళినచోట మందులు బయట కొనుక్కురమ్మన్నారు. ఉన్నవాడికి ఇది లెక్కలోకి రాదు. లేనివాడికి అదే గొడ్డు ప్రాణం.

ఇలాంటి ఆపరేషన్లను దాతల సొమ్ముతో ఉచితంగా చేసిన చోటు మన తెలుగు నేల మీదనే ఉంది. పుట్టపర్తిలో నెదర్లాండ్స్ దేశం నుంచి వచ్చిన క్లెమెంటీన్ పావ్స్ అనే ఆమె 2000లో కరుణ సొసైటీ అనే సంస్థ పెట్టారు. వీధుల్లో తిరిగే ఆవుల పొట్టలు కోయించి కిలోలకొద్దీ ప్లాస్టిక్ తీయించారు. కోసినకొద్దీ కొత్త ఆవులు వస్తూనే ఉండడంతో, 2012లో ప్లాస్టిక్ సంచుల మీద సుప్రీంకోర్టుకే వెళ్ళారు. పరాయి దేశపు మనిషికి పట్టిన సంగతి మనకు పట్టకపోవడం శోచనీయం. మన ఊళ్ళలో పెళ్ళికి, పండుగకు విస్తరాకులు పోయి ప్లాస్టిక్ పళ్ళాలు వచ్చాయి. అన్నదానం చేసిన మరుసటి ఉదయం ఆ పళ్ళాల కుప్ప దగ్గర ఎన్ని ఆవులు నిలబడి ఉంటాయో దాతలు ఒకసారి వెళ్ళి చూడాలి.

కల్లూరు వంటి అడవి అంచు ప్రాంతాల్లో కత్తి అవసరం ఇదొక్కటే కాదు. అడ్డం తిరిగిన పిల్లను ఈనలేక మేక చావుబతుకుల్లో పడుతుంది. ఎద్దుకు కొమ్ము క్యాన్సర్ వస్తే కొమ్మును మొదలంటా తీసేయాలి. అడవిపంది కుమ్మితే మందవెంట పోయే కుక్క పొట్ట చీలిపోతుంది. పందుల కోసం పెట్టిన నాటుబాంబు కొరికి దవడ పగిలిన గొడ్డును చూసినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

కుక్కకు కూడానా అని కొందరు నవ్వుతారు. నిధి అంటూ పెడితే పాలిచ్చేవాటికీ, దున్నేవాటికీ చాలంటారు. నేను ఒప్పుకోను. గొర్రెల కాపరికి కుక్క జీతం లేని పాలేరు. ఒంటరి ముసలమ్మకు గడపలో పడుకునే కుక్కే ఇంటి తాళం. 1917లో లండన్‌లో మరియా డికిన్ అనే ఆమె బీదల పేటలో ఒక నేలమాళిగలో ఉచిత పశువైద్యశాల తెరిచారు. బండి లాగే గాడిదను, పెంపుడు కుక్కను, పిల్లిని పట్టుకుని బీదలు బారులు తీరారు. అందులో ఏది లాభసాటి జంతువని ఆమె అడగలేదు. అయితే బతకదని డాక్టరు తేల్చిన పశువు మీద చందా డబ్బు పోయడం నాకు ఇష్టం లేదు. దాని బాధ తగ్గిస్తే చాలు.

ప్రభుత్వం చేయవలసింది చేయనీయండి. 2017లో మన రాష్ట్రంలో 1962 నంబరుతో పశువుల అంబులెన్సులు ప్రవేశపెట్టారు, మంచిదే. కానీ పెద్ద ఆపరేషన్ అయిన పశువును వారం పదిరోజులు కనిపెట్టుకుని ఉండడం తిరిగే బండి వల్ల అయ్యే పని కాదు. 2001 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలోనూ జంతు హింసా నివారణ సంఘం ఏర్పడాలి, జబ్బు పశువుల వైద్యశాలకు ప్రభుత్వం స్థలం చూపాలి. ఖమ్మం జిల్లా సంఘం తరఫున అటువంటి వైద్యశాల ఒకటి కల్లూరు వైపు పెట్టాలని అధికారులను కోరుతున్నాను. హైదరాబాదులో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూక్రాస్ ఉంది గాని, అంతదూరం గొడ్డును తోలుకుపోయేదెవరు?

అంతవరకు మన చేతిలో ఉన్నది మనం చేయవచ్చు. కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు వడ్రంగికి, కమ్మరికి, చాకలికి మేర తీసిపెట్టడం మన పెద్దల పద్ధతి. సాగర్ కాలువ కింద పండించే రైతు ప్రతి కోతకూ ఎకరానికి ఒక చేటెడు వడ్లు పశువుల మేరగా తీస్తే అతనికి కనిపించదు. నిధికి ఆసరా అవుతుంది. మిర్చి, పత్తి రైతులు తోచింది ఇవ్వవచ్చు. డబ్బు పశువు యజమాని చేతికి ఇవ్వకూడదు, మందుల షాపుకూ ఆటోకూ నేరుగా చెల్లించాలి. ఆపరేషన్ అవసరమని డాక్టరుగారి చీటీ ఉండాలి. ఎవరికెంత ఇచ్చారో ఆ నెలలోనే పంచాయతీ బోర్డు మీద రాయాలి. చందాలు పోగుచేసి లెక్క చెప్పని కమిటీలను మనం చాలా చూశాం. సొంతంగా భరించగలిగినవాళ్ళు అడగరాదు, అడిగినా ఇవ్వరాదు.

ఆ దూడకు ఇప్పుడు సీసాతో పాలు పడుతున్నారు. వచ్చే కోతల్లో నా వంతు ఒక బస్తా అని రాసి పెట్టుకున్నాను. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలో కోతలు మొదలయ్యేలోపు ఊరివాళ్ళు కూర్చుని తేల్చాలి.